నైరుతి మూల ఆరిళ్లు

సత్తియ్య నేలలోకి పైపులు దించే రిగ్గు ఎక్కితే బూట్లు విప్పేస్తాడు. సేఫ్టీ బూట్లు లేకుండా పనేమిటయ్యా అని ఇంజనీర్లు ఎంత మొత్తుకున్నా వినడు. వాళ్లు ఉన్నంతసేపూ వేసుకుంటాడు, అటు తిరగ్గానే విప్పి సీటు కింద పడేస్తాడు. అరికాలికి తగిలే అదురును బట్టి, కింద పైపు ఎంత లోతున ఉందో, మెత్తటి బంకలో ఉందో గట్టి పొరకు ఆనిందో చెప్పగలడు. మీటరు చూసి సరిపోల్చుకున్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అలాంటి మనిషికి సొంత అక్క గడప కింద ఏం జరుగుతోందో ఇరవై రోజుల పాటు తెలియలేదంటే, అనకాపల్లిలో ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మకపోతే మానేయండి. జరిగింది మాత్రం ఇదే.

కె. కోటపాడు దగ్గర పల్లె వాళ్లది. తల్లి పోయేనాటికి సత్తియ్యకి నాలుగేళ్లు, అక్క బుల్లమ్మకి పన్నెండు. తండ్రి ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. ఆ పిల్లే తమ్ముణ్ణి చంకనేసుకుని వండింది, ఉతికింది, బడికి తోలింది. పెళ్లిచూపులకొచ్చినవాళ్ల ముందు తల దించుకుని కూర్చోవాల్సింది పోయి, "నాతో పాటు మా తమ్ముడూ వత్తాడు. ఇష్టమైతే మాటాడుకుందాం, కాపోతే కాఫీ తాగి ఎల్లండి" అందట. వచ్చినాయన నవ్వి సరేనన్నాడు. అలా అనకాపల్లి ఊరి చివర, శారదా నది పల్లంలోని చెరకు మళ్ల పక్కన ఉన్న పల్లెకి అక్కతో పాటు తమ్ముడూ కాపురానికొచ్చాడు. బావ ఉన్నన్నాళ్లూ కొడుకులా చూశాడు. అతను పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు సత్తియ్య పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలతో గవరపాలెంలో అద్దెకుంటున్నాడు. అక్కని అతను అప్పా అంటాడు. అప్ప మాట దాటడు.

ఇసక పైళ్ల పనంటే తెలియనివాళ్లు నవ్వుతారు. ఇసకతో స్తంభాలేమిటి, పిల్లలాటా అంటారు. ఆట కాదు. ఆ పల్లంలో నేల పైకి గట్టిగానే కనిపిస్తుంది గాని, గజం తవ్వితే వెన్నలాంటి బంకమట్టి. పది పన్నెండు మీటర్ల లోతు దాకా అలాగే ఉంటుంది. దాని మీద బరువు పెడితే ఏళ్ల తరబడి దిగిపోతూనే ఉంటుంది. అందుకని లావుపాటి ఇనప పైపును అదిరే హేమరుతో గట్టి పొర తగిలేదాకా దించి, పై తొట్టిలోంచి ఇసక పోస్తారు. పైపును కాస్త పైకి లాగుతారు, మళ్లీ కిందికి గుద్దుతారు. కింద పడ్డ ఇసక పక్కలకి ఉబ్బి బిగుసుకుంటుంది. అలా లాగుతూ గుద్దుతూ నేల పైదాకా వస్తే ఒక పైలు అయినట్టు. రెండేసి మీటర్లకొకటి చొప్పున వందలకొద్దీ వేస్తే మధ్యలో ఇరుక్కున్న బంకమట్టి నీరు కక్కి గట్టిపడుతుంది. ఆ తర్వాత దాని మీద ఏం కట్టుకున్నా ఢోకా లేదు. ఇరవై నాలుగేళ్లుగా సత్తియ్య చేస్తున్న పని ఇదే. పోర్టుల్లో వేశాడు, ఫ్యాక్టరీలకి వేశాడు, ఉప్పు మళ్లల్లో వేశాడు.

ఆ ఏడు శ్రావణంలో పనే అతన్ని వెతుక్కుంటూ అక్క ఉన్న ఊళ్లోకి వచ్చింది. ఒక పెద్దమనిషి అక్కడ బెల్లం దాచే కోల్డ్ స్టోరేజి కట్టిస్తున్నాడు. స్థలానికి మూడు పక్కలా మళ్లు. నాలుగో పక్క, నైరుతి మూలన, ప్రహరీకి పది గజాల అవతల ఆరు పెంకుటిళ్లు ఒకే వరసలో ఉన్నాయి. మొదటిది బుల్లమ్మది, రెండోది చిన్నమ్మలుది. చిన్నమ్మలు భర్త పాయకరావుపేట వైపు లారీ మీద తిరుగుతుంటాడు, ఆమె ఇద్దరు పిల్లల్ని, మంచం దిగలేని అత్తగారిని పెట్టుకుని నెట్టుకొస్తోంది.

సైటింజనీరు బిందుమాధవి అని విశాఖపట్నం అమ్మాయి. గట్టిగా మాట్లాడదు గాని మాటలో సరుకుంటుంది. మొదటి పైలు ఎక్కడ వెయ్యాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది.

"సత్తియ్య గారూ, ఇళ్ల వైపు నుంచి మొదలుపెట్టి ఇటు మళ్లలోకి వద్దాం. పైపు దిగినచోట ఉన్న మట్టి ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. వేసిన వరస గట్టిపడిపోతుంది, మట్టి ఇంకా వెయ్యని వైపుకే తోసుకుంటుంది. మనం ఈశాన్యం నుంచి అటు వెళ్తే దాన్ని ఇళ్ల కిందికి నెట్టినట్టే" అంది.

"అమ్మా, తవ్వకమంటే ఈశాన్నంలోనే మొదలెట్టాల. నైరుతిలో ముందు గొయ్యి పెడితే కట్టుకున్నోడికి అచ్చిరాదు. మా ముసలి మేస్త్రి సెప్పేడు, నేను ఒక్క సైట్లోనూ తప్పలేదు. ఇన్నేళ్లలో ఎవుడికీ గోరు కూడా ఊడ్లేదు" అన్నాడు సత్తియ్య.

"ఇది తవ్వకం కాదండీ."

"పైపు నేల్లోకి దిగుతందా లేదా?"

"దిగుతుంది."

"మరి తవ్వకం కాక ఏటిది?"

అక్కడే కొంప మునిగింది. తవ్వడం ఈశాన్యం నుంచి, కట్టడం నైరుతి నుంచి అని వాస్తు తెలిసినవాళ్లంటారు. మరి ఇసక పైలు తవ్వకమా, కట్టడమా? మట్టి ఒక్క తట్ట కూడా పైకి తియ్యకుండా, లోపలికి ఇసక కూరి స్తంభం లేపేదాన్ని తవ్వకమని ఎలా అంటారు? ఆ ప్రశ్న ఎవడూ వెయ్యలేదు. సత్తియ్య తవ్వకమని తీర్పిచ్చేశాడు, పక్కనే ఉన్న పెద్దమనిషి కళ్లు మెరిసిపోయాయి. "సీనియర్ మాట కాదనకండి మేడంగారూ" అన్నాడు. ఇన్నేళ్లూ సత్తియ్య పైళ్లు వేసినచోట చుట్టూ సముద్రమో బీడో తప్ప మనిషి కాపురం లేదని, అందుకే గోరు ఊడలేదని, అతనికీ తట్టలేదు. బిందుమాధవి ప్రహరీ పొడుగునా చెక్కమేకులు పాతించి, "ఇవి కదిలినా, ఇళ్లలో ఏ చిన్న తేడా కనిపించినా పని ఆపి నాకు ఫోన్ చెయ్యండి" అని చెప్పింది. ఆమెకి పాయకరావుపేటలో ఇంకో సైటు ఉంది. ఇరవై రోజుల దాకా ఇటు రావడానికి వీలుపడలేదు.

ఈశాన్యంలో కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టారు. ఎంచక్కా సాగింది. మధ్యాహ్నం కాగానే సత్తియ్య ప్రహరీ సందులోంచి దూరి అక్క ఇంటికి భోజనానికి వెళ్లేవాడు. ఇన్నేళ్లూ పరాయి ఊళ్లలో హోటలు తిండి తిన్నవాడికి ఒకనాడు తెలగపిండి కూర, ఒకనాడు చేపల పులుసు. బుల్లమ్మ ఎదురుగా పీటేసుకుని కూర్చునేది. "ఆ మిషను కాడ నీ సోకు సూసేనురా, కలెక్టరు కూడా అలా కూకోడు" అని ఆటపట్టించేది. తమ్ముడు తన ఊళ్లో, తన కళ్లెదుట, అంతెత్తు యంత్రం నడుపుతున్నాడని ఆమెకి లోలోపల ఎంత మురిపెమో ఊరంతటికీ తెలుసు.

పనికి ఏడెనిమిది రోజులప్పుడు ఆమె అంది, "తలుపు బిగుసుకుపోతందిరా. బుజం పెట్టి తోత్తే గాని రాటం లేదు."

"వానలు కదప్పా. సెక్క ఉబ్బుతాది" అన్నాడు సత్తియ్య. మర్నాడు ఎవరి దగ్గరో చిత్రిక తెచ్చి, తలుపు అంచు నున్నగా చెక్కేశాడు. తలుపు హాయిగా పడింది. అక్క మెచ్చుకుని ఇంకో చేపముక్క వేసింది.

ఇంకో వారానికి పులుసు మొరాయించింది. "సూడరా, గిన్నెలో పులుసంతా ఓ పక్కకే పోతంది. ఇటేపు ముక్కలు మాడిపోతన్నాయి" అంది. స్టవ్వు ఒక కాలు కింద పెంకుముక్క పెట్టి సరిచేశాడు. ఆ రోజే తలుపు మళ్లీ పట్టేసింది. మళ్లీ చిత్రిక పట్టాడు. మూడోసారి పై మూల ఒక్కటే ద్వారబంధానికి తగులుతోందని ఆ మూలే ఏటవాలుగా కోసి పడేశాడు. అప్పటికి తలుపు ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి.

"ఆ వడ్రంగోడు సరిగ్గా బిగించలేదప్పా" అన్నాడు.

"పదకొండేళ్లకి గుర్తొచ్చిందా దానికి?" అంది బుల్లమ్మ, అని నవ్వింది. అతనూ నవ్వాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, వెళ్లి హేమరు మళ్లీ ఆన్ చేశాడు. బిందుమాధవికి ఫోన్ చెయ్యాలని అతనికి తట్టనే లేదు. అక్క తలుపు పట్టేయడం అక్క ఇంటి సంగతి, సైటు సంగతి కాదు కదా! అలా అనుకున్నాడు పిచ్చిమారాజు.

ఇరవయ్యో రోజు చివరి రెండు వరసలే మిగిలాయి. పదకొండు దాటింది. పైపు సగం దిగి ఉంది. ప్రహరీ సందులోంచి చిన్నమ్మలు జుట్టు విరబోసుకుని, చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. హేమరు రొదలో ఏమీ వినపడలేదు. ఆమె ముఖం చూసి సత్తియ్య మిషను ఆపేశాడు.

"సత్తియ్యా! మీ అప్ప లోపల ఉండిపోనాది! తలుపు రాటం లేదు, గోడ పెళపెళమంటంది!"

సత్తియ్య ఉత్తకాళ్లతోనే ఉరికాడు. సందు దాటాక, ప్రహరీకి ఇళ్లకి మధ్య నేల మోకాలెత్తున ఉబ్బి ఉంది. రోజూ దాని మీద నుంచే నడిచాడు. లారీవాళ్లు మట్టి పోశారనుకున్నాడు. ఇప్పుడు దాని నెర్రెల్లో గడ్డి వేళ్లు తెగి వేలాడటం కనిపించింది. పోసిన మట్టికి వేళ్లెక్కడివి? ఆ మాట బుర్రలో సగం మెరిసి, అక్క కేకతో ఆరిపోయింది.

"ఒరే సత్తీ! పెంకులు రాలతన్నాయిరా!"

భుజంతో గుద్దాడు. తలుపు చలించలేదు. గునపం అందుకుని ద్వారబంధం మీద ఎత్తాడు. వెనక నుంచి ఎవరో ఆ గునపం పట్టుకుని లాగారు. బిందుమాధవి! అప్పుడే పాయకరావుపేట నుంచి దిగి, పక్కకొరిగిన చెక్కమేకులు చూసి ఇటే పరిగెత్తుకొచ్చింది.

"కొట్టకండి! గోడ మొత్తం ఆ ద్వారబంధం మీదే ఉంది. అది ఊడితే ఆవిడ మీదే పడుతుంది" అని అరిచింది. ఆ అమ్మాయి అంత గట్టిగా అరవగలదని ఎవరికీ తెలియదు. "పక్క కిటికీ! కటింగ్ మిషను తెండి!"

లోడరు నడిపే అప్పారావు మిషను తెచ్చాడు. కిటికీ ఊచలు ఒక్కొక్కటే తెగుతుంటే సత్తియ్య వాటిని చేత్తో పట్టుకుని వంచాడు. అరచేతులు కాలాయి, పట్టించుకోలేదు. లోపల బుల్లమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమెని చంకల కింద పట్టి ఇద్దరూ బయటికి లాగారు. పది అడుగులు వేశారో లేదో, ముందు గోడ చప్పుడు లేకుండా లోపలికి వంగింది. ఆ వెంటనే వాసాలు, పెంకులు ఒక్కసారిగా దిగిపోయాయి. దుమ్ము లేచి అందర్నీ కప్పేసింది.

దుమ్ము తగ్గాక చూస్తే ఇంటి మధ్యలో గచ్చు గేదె వీపులా పైకి లేచి, నిలువునా పగిలి ఉంది. ఆ పగులులోంచి నల్లటి బంకమట్టి ఉబికి వస్తోంది. గజం లోతు కింద ఉండాల్సిన మట్టి అది. దాని రంగు సత్తియ్యకి తెలుసు, వాసన తెలుసు. ఇరవై నాలుగేళ్లుగా పైపుకి అంటుకుని వస్తే కడుగుతున్నది ఆ మట్టినే. దాన్ని అక్క పొయ్యి పక్కన చూసేసరికి అక్కడే చతికిలబడ్డాడు. పులుసు ఎందుకు ఒక పక్కకి పోయిందో, తలుపు ఎందుకు పట్టేసిందో అన్నీ ఒకేసారి తెలిశాయి. ఈ ఇంటిని రోజూ ఇంతింత నెట్టింది తనే. మధ్యాహ్నం వచ్చి అన్నం తిని, వంకరబోయిన ద్వారబంధానికి సరిపడేలా తలుపు చెక్కి వెళ్లిందీ తనే. మూడుసార్లు! ఒక్కసారి కాదు, రెండుసార్లు కాదు.

"ఏటిరా అలా కూలబడిపోనావు? నాకేటీ అవలేదు, సూడు" అంది బుల్లమ్మ ఒంటి మీది దుమ్ము దులుపుకుంటూ. అతను అక్క ముఖంలోకి చూడలేకపోయాడు.

మిగతా అయిదిళ్లూ కూలలేదు గాని, ఉండటానికి పనికిరావు. చిన్నమ్మలు ఇంటి గోడలో చెయ్యి దూరేంత పగులు. ఆ అత్తగారిని మంచంతో సహా మోసుకొచ్చి, ఆరు కుటుంబాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టారు.

మర్నాడు పైళ్లు వేయిస్తున్న కంపెనీ మేనేజరు నానాజీ కారులో దిగాడు. తెల్లచొక్కా, చేతిలో ఫైలు. మధ్యాహ్నం సైటు షెడ్డులో కుర్చీలు వేయించి అందర్నీ పిలిచాడు. పునాదులు రెండడుగులే అన్నాడు, ఇళ్లు పాతవన్నాడు, వానలకి కూలిందన్నాడు. బిందుమాధవి లేచి, తాను మొదటి రోజే హెచ్చరించానంది. "రాతపూర్వకంగా ఇచ్చారా?" అని అడిగాడు. ఆమె తల దించుకుంది. నోటిమాటతో సరిపెట్టానని, రాసివ్వాల్సిందని మెల్లగా ఒప్పుకుంది.

"మరి రిగ్గు మీదున్నవాడు చెప్పాలి. చెప్పు సత్తియ్యా. ఇళ్లకి ముందే పగుళ్లున్నాయి కదా?" అన్నాడు నానాజీ. ఆ గొంతులో బెదిరింపు లేదు. ఒక దారి చూపిస్తున్నట్టే ఉంది. ఆ దారి ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ముందే పగుళ్లున్నాయంటే కంపెనీకి సంబంధం లేదు, సత్తియ్య పని పదిలం, ఆరు కుటుంబాలు రోడ్డు మీద. పైళ్ల వల్లేనంటే కంపెనీ ఆరిళ్లూ మళ్లీ కట్టివ్వాలి. ఇంజనీరు మాట కాదన్న ఆపరేటరుని మాత్రం ఇక ఏ రిగ్గూ ఎక్కనివ్వరు. అతనికి వచ్చిన పని అదొక్కటే.

సత్తియ్య లేచి నిలబడ్డాడు. "లేవండి. ఒక్క పగులూ లేదు. మేడంగారు సెప్పింది నిజం. నేనే ఇన్లేదు. మట్టిని ఇళ్ల మీదకి తోసింది నేనే" అన్నాడు.

నానాజీ తొణక్కుండా ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. "మీ అక్కే పొద్దున్న సంతకం పెట్టింది. మూడేళ్లుగా ఇంటికి పగుళ్లున్నాయని, వరసలో అన్నిటికీ అంతేనని రాసిచ్చింది" అని చూపించాడు.

సత్తియ్యకి తలకొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి చూశాడు. బుల్లమ్మ గోడ పక్కన కూర్చుని కొంగు మెలిపెడుతోంది.

"అప్పా! ఏటిది?"

"నిజం సెబితే నీ పని పోద్దని సెప్పేడురా ఆయన" అంది ఆమె. అని, ఒక్కసారిగా మండిపడింది. "ఇల్లు కూలితే నేనేడిసేనా? ఒక్క సుక్క రాల్లేదు. పోతే పోనాది, నీ పని ఉంటే సాలనుకున్నాను. నేను ఇల్లిచ్చుకుని కాసింది నువ్వు నలుగుర్లో పారేత్తావా? ఇద్దరాడపిల్లల్ని ఏటి సేత్తావురా?"

"నీ ఇల్లు నువ్విచ్చుకో అప్పా. నీ ఇష్టం" అన్నాడు సత్తియ్య. "సిన్నమ్మలు ఇల్లు నువ్వెలా ఇచ్చేత్తావు?"

బుల్లమ్మ మెల్లగా పక్కకి తిరిగింది. చిన్నమ్మలు అక్కడే ఉంది, చిన్నపిల్లని ఒళ్లో పెట్టుకుని. రాత్రంతా హాల్లో అత్తగారికి విసురుతూ కూర్చున్న మనిషి. ముందురోజు బుల్లమ్మ కోసం జుట్టు విరబోసుకుని పరిగెత్తింది ఆమే. కోపంగా ఏమీ చూడటంలేదు. విన్నది నమ్మలేక, నిలువుగుడ్లేసుకుని బుల్లమ్మనే చూస్తోంది.

బుల్లమ్మ ఆ చూపు భరించలేకపోయింది. కొంగు వదిలేసి లేచింది. "బాబూ, ఆ కాయితం నాకిచ్చెయ్యి" అని నానాజీని అడిగింది.

"దీని కాపీ పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోయింది" అన్నాడు అతను.

అప్పటికే బిందుమాధవి సత్తియ్య చెప్పింది చెప్పినట్టు ఒక తెల్లకాగితం మీద రాసి, అతని చేత సంతకం పెట్టించింది. బుల్లమ్మ ఆ బల్ల దగ్గరికి నడిచింది.

"పొద్దున్న నేను సెప్పింది అబద్దమని కూడా రాయమ్మా. సిన్నమ్మలు ఇంటికి గాని, నా ఇంటికి గాని ఏ పగులూ లేదని రాయి."

బిందుమాధవి రాసింది. బుల్లమ్మ కలం అందుకుని ఆగింది.

"దీని మీద నేను కూడా సంతకం పెడితే మావోడి పని కచ్చితంగా పోద్ది కదమ్మా?"

ఆ అమ్మాయి అబద్ధం ఆడదామనుకుంది గాని ఆడలేకపోయింది. "పోతుందండీ" అంది.

బుల్లమ్మ తమ్ముడి వైపు చూడలేదు. బల్ల మీదికి వంగి, అతని పేరు కింద, తన పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. రాస్తున్నంతసేపూ కళ్లలోంచి నీళ్లు కాగితం మీద పడుతూనే ఉన్నాయి.